సిల్తారా గాలి లెక్కలు

ఛాతీ డాక్టరు మా తమ్ముణ్ణి మొదట వయసు అడిగాడు, తర్వాత బీడీల గురించి అడిగాడు. ముప్పై అయిదు అన్నాడు తమ్ముడు. బీడీలు తాగేవాణ్ణి, మానేసి ఆరేళ్ళు దాటింది అన్నాడు. డాక్టరు రాసుకున్నాడు. పక్కన కూర్చున్న అమ్మ, ఎన్నిసార్లు చెప్పాను అన్నట్టు వాడి వైపు చూసింది. ఆ గదిలో మాటలన్నీ హిందీలోనే నడిచాయి గాని, ఆ చూపు మాత్రం మా ఇంటిది.

తమ్ముడు రాయపూర్ పక్కన సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పదహారేళ్ళు పనిచేశాడు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన మరుసటి ఏడాది, పంతొమ్మిదేళ్ళ వయసులో చేరాడు. బొగ్గూ ఇనుప రాయీ నలగ్గొట్టి బెల్టు మీద కొలిమికి పంపేచోట వాడి డ్యూటీ. ఆ సంగతి డాక్టరు అడగలేదు, వాడే చెప్పాడు. డాక్టరు ఎక్స్‌రేని మళ్ళీ వెలుతురుకి పట్టి చూసి, రెండు ఊపిరితిత్తులూ గట్టిపడిపోయాయని, అది దుమ్ము వల్ల కావచ్చు, మరో దాని వల్ల కావచ్చని అన్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చిన ఉత్తరంలో ఇతను బీడీలు తాగేవాడని మాత్రమే ఉంది. పని వల్ల వచ్చిందని తను రాయాలంటే అక్కడ దుమ్ము ఎంత ఉండేదో తెలిపే ఆధారం ఏదైనా చూపించమన్నాడు. కటువుగా అనలేదు. బయట ఇంకా చాలామంది ఉన్నారు, అంతే.

ఆటోలో రాయపూర్‌లోనే మేముండే గుఢియారీకి తిరిగొచ్చాం. నాన్న రైల్వేలో వ్యాగన్ల రిపేరు పని చేసేవాడు. పలాస దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి గుఢియారీలో రైలు పట్టాలకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అమ్మ, నేను, తమ్ముడు. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. కారణాలు వేరు, వాటి గురించి ఇక్కడ చెప్పను. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు క్లర్కుని.

ఆ సాయంత్రం వంటింట్లో అమ్మ మళ్ళీ బీడీల మాటే ఎత్తింది. తమ్ముడు గోడకి రెండు తలగడలు ఆనించుకుని కూర్చున్నాడు. అమ్మ నీళ్ళ కోసం బయటకి వెళ్ళాక నన్ను పిలిచాడు. మా శ్రీకాకుళం అలవాటు ప్రకారం వాడు అక్కనైన నన్ను అప్పా అనేవాడు.

"అందరూ నాదే తప్పనుకుంటన్నారు అప్పా. అమ్మ కూడా. అక్కడ బుగ్గి ఎంతుండేదో ఎక్కడో ఒక దగ్గర రాసీసి ఉంటారు గదా. నీకు కంప్యూటరొచ్చు. ఓపాలి సూడు."

వాడికి కావలసింది అదే. తన తప్పు కాదని ఒక కాగితం. వేరే ఏదీ అడగలేదు.

మరునాడు స్కూల్లో పని అయ్యాక ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒక మనిషిని అడిగినట్టే అడిగాను. సిల్తారాలో గాలిలో దుమ్ము ఎంత ఉంది అని హిందీలో టైపు చేశాను. అమ్మకానికి ఉన్న ఖాళీ స్థలాలు వచ్చాయి. ఆ రోజు స్టీలు ధర వచ్చింది. ఫిట్టర్లు కావాలన్న ప్రకటనలు వచ్చాయి. ఇంగ్లీషులో అడిగితే వార్తలు వచ్చాయి. ఊరి జనం రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారని, పైరు మీద మసి పడుతోందని, అధికారులు చర్య తీసుకుంటామన్నారని. అంకె ఒక్కటీ లేదు. ప్రభుత్వ డేటా ఉండే సైట్లలోకి వెళ్ళి అక్కడి గడిలో రాయపూర్, గాలి అని కొడితే బావులూ బడులూ రోడ్లూ వచ్చేవి. పదం ఎక్కువైతే ఏమీ లేదనేది, తక్కువైతే అన్నీ ఉన్నాయనేది. ఇలా రెండు వారాలు గడిచాయి.

ఇంట్లో నా పాత ల్యాప్‌టాప్ మీద వెతికేటప్పుడు తమ్ముడు పక్కనే కూర్చునేవాడు. ఇంగ్లీషు వాడికి అంతగా రాదు. అయినా ఏమీ దొరకలేదని తెర మీద పడే ఆ మూడు మాటల్ని ఆకారం చూసి పోల్చుకోవడం నేర్చుకున్నాడు. నేను చదివేలోపే, "నేదంట" అనేవాడు.

మా స్కూలు లైబ్రేరియన్ కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. వాళ్ళమ్మ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. స్కూలుకి రాకముందు చాలాకాలం ఒక కాలేజీ లైబ్రరీలో చేసింది. పరిశోధన చేసే పిల్లలు డేటా కోసం ఎలా అల్లాడేవారో చూసిన మనిషి. ఒకరోజు నా వెనక నిలబడి, నేను టైపు చేసింది చదివింది.

"మీరు మనిషిని అడిగినట్టు అడుగుతున్నారమ్మా. అక్కడ మనిషి లేడు. ఆ ఫైలుకి పేరు పెట్టినాయన ఏమని పెట్టుంటాడో అది కొట్టండి."

కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ప్రశ్న కాదు, పట్టికలో నిలువు వరసల పైన ఏ మాటలు ఉంటాయో ఆ మాటలు వేయమంది. ఏడాది వేయమంది. ఫైలు ఏ రకందో వేయమంది. రెండు వేల సంవత్సరానికి ముందువి కావాలంటే మధ్యప్రదేశ్ అని వేయాలి, ఆ ఫైళ్ళ లోకంలో ఛత్తీస్‌గఢ్ ఇంకా పుట్టలేదు అంది. ఫైలు పక్కన రాసిన వివరణని నమ్మవద్దు, లోపల తెరిచి చూసి నమ్మమంది. అక్కడ కూడా ఖాళీ గడి వేరు, సున్నా వేరు, కొందరు ఖాళీకి సున్నా వేస్తారు అని చెప్పింది. కాలేజీలో పిల్లలు రెండు మూడు రోజులు వెతికి, దొరక్క, చివరికి సీనియర్లని అడిగేవారట. సగం డేటా పెన్‌డ్రైవుల్లో చేతులు మారేదట. ఎక్కడ పుట్టిందో, ఎవరు కొలిచారో ఎవరికీ గుర్తుండేది కాదట.

ఆమె చెప్పినట్టు చేస్తే ఫైళ్ళు దొరకడం మొదలైంది. దొరికినవి చూస్తే దొరకనప్పుడే నయం అనిపించింది. రాష్ట్రమంతటి గాలి వివరాలు, నెలవారీగా, అన్ని కేంద్రాలూ అని రాసి ఉన్న ఫైలు తెరిస్తే మూడే కేంద్రాలున్నాయి, మూడూ రాయపూర్ ఊరి మధ్యలోవి. అందులో ఒకటి ఏదో ఆఫీసు మేడ మీద. ఇంకో చోట ఫైలు దింపుకునే బొత్తం నొక్కితే ఆ పేజీ లేదు. ఇంకోటి కాగితాన్ని వంకరగా ఫోటో తీసి పెట్టారు, అంకెలు చదవడానికి రాలేదు. తమ్ముడు కళ్ళు చికిలించి ఆ ఫోటోని చాలాసేపు చూశాడు, తనకేమైనా తెలుస్తుందేమోనని. అప్పటికి వాడికి మెట్లు ఎక్కడం కష్టమైంది. స్నానం చేసొచ్చి మంచం మీద కూర్చుంటే మాట్లాడటానికి కొంతసేపు పట్టేది.

లైబ్రేరియనే ఇంకో సంగతి చెప్పింది. ఊళ్ళ పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు, తప్పు స్పెల్లింగులు కూడా వేసి చూడమంది. ఆ ఆదివారం తమ్ముడూ నేనూ పాత క్యాలెండరు కాగితం వెనక సిల్తారాని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా తప్పు రాయొచ్చో రాశాం. వాడికి సరదాగా ఉంది. చాలా రోజుల తర్వాత నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది, ఆగి మళ్ళీ మొదలుపెట్టాం. ఒక్కొక్కటే కొట్టుకుంటూ వెళ్ళాను. సిల్ట్రా అని కొట్టినప్పుడు ఒకే ఒక్క ఫైలు వచ్చింది.

గాలిలో దుమ్ము, నెలవారీ. కేంద్రం: సిల్ట్రా. సరిగ్గా వాడు పనిలో చేరిన తర్వాత నాలుగేళ్ళవి.

"దొరికింది గదా" అన్నాడు తమ్ముడు. నా భుజం పట్టుకున్నాడు.

నేను తెరిచాను. పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. రెండో ఏడాది దగ్గరకు వచ్చేసరికి వరసగా మూడుతో, ఏడుతో ముగిసే అంకెలు కనిపించాయి. ఆ స్పెల్లింగు నాది. ఆ ఫైలు నేను టైపు చేసింది.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్ళి చెప్పాలి. తమ్ముడు ఫ్యాక్టరీలో చేరిన రోజుల్లోనే నేను గుఢియారీ బజారులో ఒక గదిలో కంప్యూటరు నేర్చుకుని, గాలీ నీళ్ళూ కొలిచే ఒక ప్రైవేటు ల్యాబులో ఆపరేటరుగా చేరాను. వేరే వాళ్ళ తరఫున కాంట్రాక్టు మీద కొలిచేవాళ్ళు. మేడ మీద ఒక పెట్టె లాంటి యంత్రం పెడతారు. అది గాలిని లాగి తెల్లటి కాగితం గుండా పంపుతుంది. కాగితాన్ని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూస్తారు. పెరిగిన బరువే దుమ్ము. ఆ కాగితాలూ, చేత్తో నింపిన ఫారాలూ కవర్లలో వచ్చేవి. ఫారం చూసి కంప్యూటరులో ఎక్కించడం నా పని.

సిల్తారా నుంచి కాగితాలు కొన్ని నెలల్లో నల్లగా వచ్చేవి. కొన్ని నెలల్లో ఎంత తెల్లగా వెళ్ళాయో అంత తెల్లగా తిరిగొచ్చేవి. యంత్రం చెడిపోయిందనో, కరెంటు లేదనో, కొలిచే మనిషి అసలు వెళ్ళలేదనో. ఫారం ఖాళీగా ఉండేది. మొదటిసారి అలాంటి ఫారం వచ్చినప్పుడు నేను మా సూపర్‌వైజరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన టీ తాగుతూ, "పిఛ్లే మహీనే కా దేఖ్ కే భర్ దో, థోడా ఊపర్ నీచే కర్ దో" అన్నాడు. పోయిన నెలది చూసి, కాస్త అటూ ఇటూ మార్చి నింపెయ్యమని. నేను నింపాను. రెండోసారి అడగలేదు. అంకె చివర సున్నా ఉంటే అబద్ధంలా కనిపిస్తుందని మూడు గాని ఏడు గాని వేసేదాన్ని. ఆ తెలివి నాకు ఎవరూ నేర్పలేదు. పోయిన నెల అంకె మరీ ఎక్కువగా ఉంటే, ఎవరైనా అడుగుతారేమోనని కొంచెం తగ్గించి వేసేదాన్ని. అదీ ఎవరూ చెప్పలేదు.

ఆ నాలుగేళ్ళూ సాయంత్రం నేను ల్యాబు నుంచి వచ్చేసరికి తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి, పెరట్లో కుళాయి దగ్గర ఉమ్మేవాడు. నల్లగా పడేది. వాడు నీళ్ళు పోసి కడిగేసేవాడు. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేదాన్ని. మేమిద్దరం ఒకే చోటు గురించి పనిచేస్తున్నామని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు. నిజం చెప్పాలంటే నాకు సిల్తారా అంటే ఒక నిలువు వరస. తమ్ముడు వెళ్ళే చోటు కంపెనీ బస్సు ఆగే చోటు.

ఆ ఆదివారం నేను తమ్ముడితో ఫైలు సరిగ్గా తెరుచుకోవడం లేదని చెప్పాను. స్కూల్లో చూస్తానన్నాను. వాడు సరే అని పడుకున్నాడు.

స్కూల్లో ఒక్కదాన్నే కూర్చుని వరుసగా చూశాను. మూడుతో, ఏడుతో ముగిసినవి ఎన్నో ఉన్నాయి. అందులో నిజంగా కొలిచినవి కూడా ఉండొచ్చు. ఒక వేసవి మొత్తం యంత్రం రిపేరులో ఉందని గుర్తుంది, ఆ నెలలు ఖాయంగా నావే. మిగతావి చెప్పలేను. నేను ఎంత బాగా కలిపానంటే నేనే విడదీయలేకపోయాను. అన్నిటికంటే కష్టమైంది ఇంకొకటి. అక్కడక్కడ తప్ప, అంకెలన్నీ ఉండవలసిన హద్దుకి కిందే ఉన్నాయి. ఈ కాగితం తీసుకెళ్ళి డాక్టరు ముందు పెడితే సిల్తారా గాలి బాగానే ఉండేదని రుజువవుతుంది. అప్పుడు మిగిలేది బీడీలే.

మూడు రోజులు వాడికి చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున అమ్మ కూరలకి బజారుకి వెళ్ళింది. తమ్ముడు అటుకుల పోహా గిన్నె ఒళ్ళో పెట్టుకుని సగం తిని ఆగాడు. ఫైలు సంగతి ఏమైందని వాడే అడిగాడు. నేను మంచం పట్టె మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఖాళీ ఫారాలు, సూపర్‌వైజరు మాట, మూడూ ఏడూ, తగ్గించి వేయడం. ఏదీ దాచలేదు. వాడు మధ్యలో అడ్డు రాలేదు.

"అందులో నిజమైన నెల ఒక్కటైనా ఉందేటి అప్పా?"

"ఉన్నాయిరా. ఏవో నాకు తెలీటం నేదు."

"నువ్వప్పుడు నాకోపాలి సెప్పుంటే" అని ఆగాడు. గిన్నె నాకిచ్చి గోడ వైపు తిరిగాడు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మందు ఇస్తే తీసుకున్నాడు, వీపు రాస్తానంటే తిరిగాడు, మాట మాత్రం లేదు. అమ్మ ఏమైందని నన్ను అడిగింది. నీరసంగా ఉన్నాడన్నాను. మూడో రోజు, డాక్టరు దగ్గరకి ఎప్పుడెళ్తావని అడిగాడు. నన్ను క్షమించాడా అంటే నాకు తెలియదు. ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

డాక్టరు దగ్గరకి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఉన్న ఒక్క డేటా ఇదీ, అందులో కొంత నేను కల్పించిందీ అని చెప్పాను. ఆయన తలుపు దగ్గరున్న మనిషితో ఇంకొకర్ని పంపవద్దన్నాడు. తర్వాత, అంకెలు లేకపోతే మనిషి ఉన్నాడు కదా, అతను ఏ చోట ఏ పని ఎంతసేపు చేశాడో అతని మాటల్లోనే రాసి తెమ్మన్నాడు. అది ఎంతవరకు పనికొస్తుందో ముందే చెప్పలేనన్నాడు.

తమ్ముడు అయిదు రోజులు చెప్పాడు. రోజూ కొంచెం కొంచెం, ఊపిరి అందినంత. నేను రాసుకున్నాను. ఏ ఏడాది ఏ చోట, ఎనిమిది గంటలా పన్నెండా, నలగ్గొట్టే యంత్రం ఎన్ని అడుగుల దూరం. ముఖానికి తడి గమ్చా తువ్వాలు చుట్టుకునేవారట, అరగంటలో అది నల్లటి అట్టలా బిగిసిపోయేదట. తాగే నీళ్ళ కుండ మూత మీద రోజుకి రెండుసార్లు తుడిచేవారట. వారానికొకసారి బెల్టు కింద గోతిలో దిగి పేరుకున్న బుగ్గిని పారతో ఎత్తిపోసేవారట, అప్పుడు పక్క మనిషి కనిపించేవాడు కాదట. డ్యూటీ దిగేటప్పుడు గొంతు శుభ్రమవుతుందని బెల్లం ముక్క ఇచ్చేవారట. దుమ్ముని పీల్చే యంత్రం గురించి చెప్పినప్పుడు మాత్రం గొంతు మారింది.

"ఇనస్పెక్షనొస్తే అది ఏసీవోరు. ఆల్లెల్లిపోతే ఆపీవోరు. కరెంటు కర్చని. రాసుకో అప్పా, ఇది రాసుకో."

రాసుకున్నాను. డాక్టరు ఆ పేజీలన్నీ చదివాడు. తన కాగితం మీద ఒక వాక్యం రాశాడు. చాలాకాలం దుమ్ములో పనిచేయడం ఈ జబ్బుకి కారణమై ఉండే అవకాశం ఎక్కువ అని. బీడీల మాట కూడా ఉంది, దాని కింద. ఇంటికి తెచ్చి ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాను. తమ్ముడు రెండోసారి చదవమన్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. ఆ తర్వాత మా ఇంట్లో బీడీల మాట రాలేదు. నేను వేసిన అంకెల సంగతి మాత్రం అమ్మకి చెప్పలేదు. ఈ రోజుకీ తెలియదు.

ఆ రోజుల్లోనే ఆ ఫైలున్న పేజీలో ఇచ్చిన చిరునామాకి మెయిలు రాశాను. అందులో కొన్ని నెలల అంకెలు కొలిచినవి కావు, వేసింది నేనే అని. ముందు, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని ఒక జవాబు వచ్చింది, కంప్యూటరు దానంతటదే పంపేది. నెల దాటాక ఆ పేజీ చూసుకునే ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. చాలా పాత డేటా మేడమ్, ఇప్పుడెందుకు అన్నాడు. ఆధారం లేకుండా మార్చలేమన్నాడు. ఆధారం నా నోటి మాటే అంటే, అది మీ మీదికే వస్తుంది, ఆలోచించుకోండి అన్నాడు. నేను ఆలోచించుకున్నాను. మళ్ళీ రాయలేదు. భయపడ్డాను. ఉద్యోగం పోతే తమ్ముడి మందులెలా అని మనసుకి చెప్పుకున్నాను గాని, అది సగమే నిజం.

కాని ఆ పేజీ కింద ఎవరైనా ప్రశ్న రాసే చోటు ఉంది. అక్కడ ఒక విద్యార్థి ఏడాది కిందట రాసిన ప్రశ్న చూశాను. సిల్తారా దుమ్ము డేటా ఇంకేదైనా ఎవరి దగ్గరైనా ఉందా, నెలల తరబడి వెతుకుతున్నాను, ఇదొక్కటే దొరికింది అని. ఎవరూ జవాబివ్వలేదు. నేను ఇచ్చాను. నా పేరు పెట్టి, ఏ వేసవి నెలల్ని నమ్మవద్దో రాశాను. రెండు రోజుల్లో అతను ఫోన్ చేశాడు. వేరే ఊళ్ళో పరిశోధన చేస్తున్నాడు. హిందీలో దీదీ అని పిలిచాడు. ఆ ఫైలు మీదే ఒక అధ్యాయం రాశాడట, ఆ నాలుగేళ్ళలో గాలి నెమ్మదిగా మెరుగైందని తేల్చాడట.

మెరుగవడం నేను తగ్గించి వేయడం వల్ల అని చెప్పాను. అతను ఆ సంగతి రాసి, సంతకం చేసి పంపమన్నాడు. రెండు పేజీలు చేత్తో రాసి పంపాను. వారం తర్వాత మళ్ళీ చేశాడు.

"దీదీ, అది తీసేస్తే నా దగ్గర ఏమీ మిగలదు" అన్నాడు. "ఉంచితే, కనీసం ఒకడు ఈ చోటు గురించి వెతికాడని తెలుస్తుంది."

అలా ఉంచవద్దని గట్టిగా చెప్పలేకపోయాను. ఆ కుర్రాడు ఎన్నాళ్ళు వెతికి ఉంటాడో నాకు తెలుసు.

వానలు మొదలయ్యాక తమ్ముడికి పక్కన ఆక్సిజన్ సిలిండరు ఉండవలసి వచ్చింది. మాటలు తగ్గాయి. ఫ్యాక్టరీలో వాడితో పనిచేసిన ఇద్దరు ఒక మధ్యాహ్నం చూడటానికి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి ఛత్తీస్‌గఢీలో పలకరించారు. వాళ్ళలో ఒకతను మెట్లెక్కిన ఆయాసం తీరక గోడ పట్టుకున్నాడు. తమ్ముడు అది చూశాడు. వాళ్ళు వెళ్ళాక నాతో, "ఆడి దగ్గర కూడా రాసుకో" అన్నాడు. రాసుకుంటానన్నాను. ఆ తర్వాతి వారం ఆసుపత్రిలో చేర్చాం. ఎనిమిదో రోజు పొద్దున, అమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, పోయాడు. నా చెయ్యి వాడి కాలి మీద ఉంది. ఊపిరి కోసం వాడు పడిన కష్టం ఆగింది కనక ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత చాలాకాలం బాధపడ్డాను.

కర్మలు అయ్యాక ఆ రోజు గోడ పట్టుకున్న మనిషి ఇంటికి వెళ్ళాను. అతను చెప్పడానికి ఒప్పుకోలేదు. ఇంకా డ్యూటీలో ఉన్నాడు. వాళ్ళావిడ టీ ఇచ్చి, మళ్ళీ రావద్దని నెమ్మదిగా చెప్పింది.

రెండేళ్ళకి ఆ విద్యార్థి పరిశోధన గ్రంథం కోసం వెతికాను. అప్పటికి వెతకడం వచ్చింది కనక పెద్దగా కష్టపడలేదు. సిల్తారా పట్టిక అందులో ఉంది. నా నాలుగేళ్ళూ ఉన్నాయి, వేసవి నెలలతో సహా. పట్టిక కింద చిన్న అక్షరాల్లో, కొన్ని విలువలు అంచనా వేసినవి కావచ్చు అని ఉంది. గాలి మెరుగైందన్న మాట మాత్రం తీసేశాడు. దాని బదులు, స్పష్టంగా చెప్పలేమని రాశాడు. అతనికి మెయిలు రాస్తే, నాగపూర్‌లో ఉద్యోగం వచ్చిందనీ ఇప్పుడు ఆ పని వదిలేశాననీ ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగాడు. చెప్పాను.

ఆ పేజీ కింద నా జవాబు అలాగే ఉంది. దానివల్ల ఏడాదికి ముగ్గురో నలుగురో నాకు రాస్తుంటారు. ఎక్కువమంది విద్యార్థులు, ఒకసారి ఒక వకీలు. అందరూ అదే అడుగుతారు, సిల్తారా డేటా ఇంకెక్కడైనా ఉందా అని. లేదని చెప్తాను. ఉన్నదాంట్లో ఏ నెలలు నమ్మకూడదో చెప్తాను. కావాలంటే తమ్ముడు చెప్పిన పేజీలు పంపుతానంటాను. ఒక మనిషి మాటని పట్టికలో ఎక్కడ పెట్టాలో తెలియదని కొందరు వద్దంటారు. కొందరు తీసుకుని ధన్యవాదాలు చెప్తారు. చాలామంది మళ్ళీ రాయరు.

పోయిన నెల ఒక అమ్మాయి రాసింది. వాళ్ళ నాన్న ఆ వైపే పదకొండేళ్ళు పనిచేశాడట, ఇప్పుడు దగ్గుతున్నాడట. నా జవాబు చదివి, మరి డాక్టరుకి నేనేం చూపించాలి ఆంటీ అని అడిగింది. వాళ్ళ నాన్నని కూర్చోబెట్టి అడగమని, ఇంకా చెప్పే ఓపిక ఉండగానే అడగమని రాశాను. దుమ్ము పీల్చే యంత్రం సంగతి తప్పకుండా అడగమన్నాను. నాన్న ఏమీ మాట్లాడటం లేదని ఆ పిల్ల మళ్ళీ రాసింది. ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాలి.